కిటికీ పక్క మంచం

ముద్దనూరు స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని ఉన్నప్పుడు అక్క వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసింది. "అమ్మ పోయింది మామా, పొద్దున్నే" అంది. ఆ తర్వాత ఫోన్ అట్లాగే పట్టుకుని ఉండిపోయింది. నేనూ పట్టుకునే ఉన్నాను. రైలు వచ్చింది, పోయింది. నేను బయటికొచ్చి ప్రొద్దుటూరు బస్సెక్కాను.

అక్క అంటున్నానే గాని మాకు చుట్టరికం లేదు. వాళ్ళది ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళ వీధిలో నగల వ్యాపారం చేసే కుటుంబం. ఆమె నా ఆఫీసులో పని చేసేది. నాకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. నన్ను "అప్పా" అని పిలిచేది. ఆ ఊళ్ళో కూరగాయలమ్మే అతన్నీ, బ్యాంకు మేనేజరునూ కూడా అట్లాగే పిలిచేది.

ఒక బట్టల కొట్టు పైన నాకో చిన్న ఆఫీసుంది. భవనాల్లో గ్యాసు పైపులు ఎట్లా పోవాలో కంప్యూటర్‌లో తయారుచేసి ఇవ్వడం మా పని. ఇది కాగితం మీద గీతలు గీసినట్టు కాదు. రేపు కట్టబోయే భవనాన్ని గోడలతో, దూలాలతో, మెట్లతో సహా ముందే తెర మీద కట్టేసి, దాని లోపల పైపు నడిపిస్తాం. అది ఎక్కడ దూలానికి తగులుతుందో, ఎక్కడ కరెంటు తీగలకు మరీ దగ్గరగా పోతుందో అక్కడే బయటపడుతుంది. బెంగళూరు అపార్ట్‌మెంట్ల వంటిళ్ళకు వంటగ్యాసు, ఆసుపత్రుల వార్డులకు ఆక్సిజన్. బోర్డు మీద "గ్యాస్ పైపింగ్ డిజైన్" అని రాయించాను. దాంట్లో మొదటి మాట మాత్రం చదివి, సిలిండర్ బుక్ చేసుకోవడానికి వచ్చేవాళ్ళు రోజుకు ఒకరిద్దరైనా ఉంటారు.

అక్క వచ్చిన రోజున కూడా నేను తలెత్తకుండానే, "సిలిండర్లు ఇక్కడ కాదమ్మా, కింద మలుపు తిరగండి" అన్నాను.

"తెల్సప్పా" అంది. "ఆసుపత్రి గోడలో ఆక్సిజన్ పైపు ఎట్ల పోతాదో నేను నేర్చుకోవల్ల. నేర్పిస్తావా?"

తలెత్తి చూశాను. లేత రంగు నేత చీర, మెడలో సన్నటి గొలుసు, చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. కవర్లో ఎప్పుడో పాలిటెక్నిక్‌లో సివిల్ చదివిన సర్టిఫికెట్. పెళ్ళయ్యాక దాన్ని బయటికి తీసింది అదే మొదటిసారట. ఎందుకు నేర్చుకోవాలని అడిగితే, "ఇంట్లో పొద్దుపోదు" అంది. ఆమె భర్త కరోనాలో పోయాడని వీధిలో విన్నాను. రెండోసారి అది ఊపేసిన ఎండాకాలంలో మా ఊళ్ళో ఎవరింట్లో ఎవరు పోయారో అడగడం మానేశాం. నేనూ అడగలేదు.

మొదటి వారమంతా ఆమెకు కళ్ళు తిరిగేవి. తెర మీద భవనాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే కొత్తవాళ్ళకు అట్లాగే ఉంటుంది. కొంగున ఒక నిమ్మకాయ కట్టుకొచ్చేది. తల తిరిగినప్పుడు దాన్ని ఒకసారి వాసన చూసి మళ్ళీ మౌస్ పట్టుకునేది.

"బస్సులో గూడ నాకు ఇంతేనప్పా. పులివెందుల పోయేలోపల ఇంత మొహమైపోతాది" అని చిటికెన వేలు చూపించేది.

మౌస్ ముట్టుకునే ముందు చేతులు కడుక్కునేది. నగల కొట్లో తూకం ముందు కూర్చునే అలవాటది. మా దగ్గర నమూనాకు పెట్టుకున్న రాగి పైపు అతుకు ముక్కలు బల్ల మీద కనిపిస్తే, ఒకటి తీసి అరచేతిలో ఎగరేసి చూసి పెట్టేది. బరువు తెలుసుకోవడానికి కాదు, ఊరికే. తెర మీద పైపుతో మాట్లాడేది కూడా. "రాప్పా, ఇట్ల రా. ఈడ దూలముండాది, తల వంచుకో. ఆ... ఇంగ లెయ్." పక్క బల్లల దగ్గర పనిచేసే కుర్రాళ్ళు మొదట్లో నవ్వేవారు. కొన్నాళ్ళకు వాళ్ళూ పైపులతో మాట్లాడటం మొదలుపెట్టారు.

సిలిండర్ కోసం వచ్చినవాళ్ళను నేనైతే గుమ్మంలోంచే పంపేవాణ్ణి. ఆమె వచ్చాక ఆ పని తను తీసుకుంది. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, వాళ్ళ ఫోన్లోనే బుక్ చేసి పంపేది. ఒక ముసలాయన నెలనెలా మా ఆఫీసుకే రావడం అలవాటు చేసుకున్నాడు. అసలైన ఏజెన్సీ ఎక్కడుందో ఆయనకు తెలుసు. అయినా మెట్లెక్కి వచ్చేవాడు.

కిటికీ పక్కన మంచి సీటు ఖాళీగా ఉన్నా ఆమె అందులో కూర్చోలేదు. గోడ వైపు, ట్యూబులైటు కింద బల్ల అడిగి తీసుకుంది. ఎండ పడదని కాబోలు అనుకున్నాను.

ఆమె పనిలో ఒక విచిత్రముండేది. ఆక్సిజన్ లైను గీసేటప్పుడు మేమందరం సిలిండర్లుండే గది నుంచి మొదలుపెడతాం. అక్కడి నుంచి పైపు పైకెక్కి, అంతస్తుకొక వాల్వు పెట్టుకుని, వార్డులోకి పోయి, మంచం మంచానికీ చీలుతుంది. చివరి మంచం దగ్గర ఒత్తిడి సరిపోతుందా లేదా అని ఆఖర్న లెక్క చూస్తాం. అక్క చివరి మంచం నుంచి మొదలుపెట్టేది. అన్నిటికంటే దూరంగా ఉన్న మంచం ఏదో వెతికి, అక్కడ ఒక మనిషి బొమ్మ పడుకోబెట్టి, ఆ తల దగ్గర నుంచి పైపును వెనక్కి నడిపించుకుంటూ సిలిండర్ల దాకా వచ్చేది.

"ఎటు నుంచి మొదలుపెట్టినా అదే లెక్క కదక్కా" అన్నానొకసారి.

"లెక్క ఒకటేలే" అంది. "గాలికి మొగమాటం ఉండదప్పా. ముందరున్నోళ్ళు తాగినంక మిగిలిందే ఎనకున్నోళ్ళకు. అందుకని ముందు ఎనకున్నోళ్ళను అడిగొస్తా."

పులివెందులలో ఒక డాక్టరు మూడంతస్తుల ఆసుపత్రి కడుతుంటే దాని ఆక్సిజన్ లైను మాకొచ్చింది. దాదాపు అంతా ఆమే చేసింది. పైపులు బిగించే పని సగమయ్యాక డాక్టరుగారు ఫోన్ చేసి, పైఅంతస్తు వార్డు చివరన వసారా కూడా కలుపుకుని ఇంకో రెండు మంచాలు వేసుకుంటాం, అదే లైను పొడిగించండి అన్నారు. లెక్క వేశాను. సరిపోయింది. నిబంధనల ప్రకారం ఏ అడ్డూ లేదు. అక్క మాత్రం నాతో పాటు వస్తానని పట్టుబట్టి, దారిలో రెండుసార్లు కారు ఆపించి, చిటికెన వేలంత మొహంతో పులివెందులలో దిగింది.

డాక్టరుగారు నెమ్మదైన మనిషి. ఇంకా రంగు వేయని ఆ వార్డులో సిమెంటు బస్తాల పక్కన నిలబడి మాట్లాడుకున్నాం.

"ఆ రెండు మంచాలు వొద్దు సార్" అంది అక్క.

"లెక్క సరిపోతాందని మీ సారే చెప్పినాడు కదమ్మా."

"మామూలు దినాలకు సరిపోతాది సార్. అందరూ ఒకటేసారి ఊపిరాడక కొట్టుకుంటాంటే, ముందరి మంచాలకంతా పెద్ద మిషన్లు పెట్టి ఎక్కువెక్కువ లాగుతాంటే, ఈడికేం వస్తాది? కింద నుంచి పైపు పెద్దది చేస్తే వేసుకోండి. ఉన్న పైపుకైతే వొద్దు."

"కింద నుంచి అంటే మళ్ళీ గోడలు పగలగొట్టల్ల."

"ఔ సార్."

డాక్టరుగారు విసుక్కుంటారనుకున్నాను. "ఆ దినాల్లో నేను గూడ వార్డులోనే ఉన్నానమ్మా" అన్నారు. తర్వాత చాలా మెల్లగా, "మీకెవురు?" అని అడిగారు.

"మా ఇంటాయన."

ఆయన వసారా వరకు నడిచి, కంబీలు లేని ఖాళీ కిటికీలోంచి బయటికి చూసి, తిరిగొచ్చారు. "ఈడ మంచాలొద్దులే. రోగులతో వచ్చినోళ్ళు పండుకునేకి గది చేస్తాం. వాళ్ళకూ చోటు ల్యాక మెట్ల మీద పండుకుంటారు పాపం" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు కలమళ్ళ దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు కనిపించాయి. అక్కడ మొదలుపెట్టి ఆమె భర్త సంగతి నాలుగు మాటల్లో చెప్పింది. ప్రొద్దుటూరులో మంచం దొరకలేదు. జమ్మలమడుగులో ఒక లాడ్జిని అప్పటికప్పుడు ఆసుపత్రి చేస్తే అక్కడ దొరికింది. గోడకు పైపులు బిగించి గాలి ఇచ్చేవారు. తెల్లవారుజామున, గాలి ఎంత వస్తోందో చూపించే గాజు మీటరులో గుండు కిందికి దిగింది. మీట ఎంత తిప్పినా పైకి లేవలేదు.

"ఎందుకు లేవలేదో ఆ పొద్దు నాకు తెల్దు" అంది. "ఇప్పుడు తెల్సు."

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఆమె భోజనానికి ఇంటికెళ్ళినప్పుడు, ఏదో ఫైలు వెతుకుతూ ఆమె కంప్యూటర్ తెరిచాను. మేమెవరికీ చేయని వార్డొకటి కనిపించింది. పొడవాటి హాలు. మేము వాడే తయారు తలుపులు, కిటికీలు అందులో లేవు. పాతకాలపు రెక్కల తలుపు, నిలువు కంబీల కిటికీ, మూల చేతులు కడుక్కునే తొట్టి, దాని మీద అద్దం, అన్నీ ఆమే ఒక్కొక్కటిగా చేసి పెట్టింది. ఒక ఫ్యాను రెక్క వంగి ఉంది. వంగిన రెక్కను తయారుచేయడానికి ఎంతసేపు కూర్చుని ఉంటుందో నాకు తెలుసు. గోడ వెంబడి పైపు, మంచాలు, చివర్న కిటికీ పక్కన ఒక మంచం.

వెనక్కి తిరిగేసరికి ఆమె గుమ్మంలో ఉంది. దాచాలని చూడలేదు. వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుంది.

"పెద్ద పైపు వేసినారనుకో, ఆయన దాకా వస్తాది. చిన్నదైతే రాదు" అంటూ రెండూ మార్చి మార్చి చూపించింది. "ఏది వేసినారో ఆ లాడ్జి గోడకే ఉండాది. అది తెలిస్తే తెల్సిపోతాది."

"తెలిస్తే ఏం చేస్తావక్కా?"

"ఆయనకు గాలి ఆడకపోతే నిద్ర పట్టదప్పా. ముందు తలుపు దగ్గర మంచమిచ్చినారు. కిటికీ పక్కన ఖాళీ అయితే, నర్సును బతిమాలి నేనే మార్పించినా." తెర మీద ఆ చివరి మంచాన్ని వేలితో ముట్టుకుంది. "తలుపు దగ్గరే ఉండింటే ఏమవుతాండెనో చూస్తాండా."

కిటికీ పక్క సీటు ఎందుకు వద్దందో అప్పుడర్థమైంది.

ఒక ఆదివారం ఇద్దరం జమ్మలమడుగు వెళ్ళాం. నేనే తీసుకెళ్ళాను. ఆ లాడ్జి ఇప్పుడు బియ్యం బస్తాల గోడౌను. తాళాలు పెట్టుకుని ఉన్న పెద్దాయన అభ్యంతరం చెప్పకుండా తలుపు తీశాడు. బస్తాల మధ్య సందులో ఆమె ముందు నడిచింది. చీకటిగా, బియ్యపు తవుడు వాసనగా ఉంది. ఎక్కడ ఏ మంచముండేదో చేత్తో చూపిస్తూ పోయింది.

"పైపులా? ఎప్పుడో పీకేసినారు తల్లీ. రాగి కదా, ఉండనిస్తారా" అన్నాడు పెద్దాయన.

గోడకు పైపు దూరిన చోట ఒక బొక్క మాత్రం మిగిలింది. దాన్ని సిమెంటుతో మెత్తి, మీద సున్నం కొట్టారు. అక్క గోటితో గీరింది. పెళుసు సిమెంటు రాలింది. వేలు లోపలికి పోయింది, రెండో వేలు కూడా పోయింది.

"ఈ బొక్కలో ఏ పైపైనా పడతాది" అంది, నాతో కాదు.

"పైపు తెలిసినా చాలదక్కా. ఆ రోజు ఎవరికి ఎంత గాలి పెట్టారో కూడా తెలియాలి" అన్నాను.

"అది గూడ తెల్సప్పా" అంది. "ఏదో ఒకటన్నా తెలుస్తాదేమోనని వచ్చినా."

చేతులు కడుక్కోవడానికి నీళ్ళడిగింది. పెద్దాయన చెంబుతో పోశాడు. కడుక్కున్నాక కూడా చేతులు చాచి అట్లాగే నిలబడితే, ఆయన ఇంకో చెంబు పోశాడు. తిరుగు దారిలో పెన్న వైపు నుంచి గాలి బాగా కొట్టింది. అక్క కారు అద్దం ఎత్తేసి కొంగు తల మీదికి లాక్కుంది. ఇంటి దగ్గర దిగి, "పెట్రోలు కాల్పించినా నీతో" అని మాత్రం అంది.

ఆ వార్డు ఫైలు తీసేస్తుందేమో అనుకున్నాను. తీయలేదు. ఆ మీదట దాన్ని మార్చనూ లేదు. ఏటేటా సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చినప్పుడు మేము పనికొచ్చే ఫైళ్ళన్నీ కొత్తదానిలోకి తెరిచి పెట్టుకుంటాం. ఆమె దీన్నీ తెరిచి పెట్టేది. "తెరిచి పెట్టకపోతే కొన్నాళ్ళకు ఇంగ రాదంట కదప్పా" అనేది. పని మానలేదు. చాలా ఆసుపత్రులకు చేసింది, అన్నీ చివరి మంచం నుంచే.

నిరుడు కడుపులో నొప్పి అంటూ సెలవు పెట్టింది. వేలూరు పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చారు. వచ్చాక ఆ జబ్బు పేరు ఎవరూ పలకలేదు. నేను చివరిసారి చూడటానికి వెళ్ళినప్పుడు కొట్టు పైన ఉన్న వాళ్ళింట్లో, గోడకు దిండు ఆనించుకుని కూర్చుని ఉంది. కింద ఆమె మరిది కొట్లో ఎవరో నగ బేరమాడుతున్నారు. ఆ మాటలు పైకి వినిపిస్తున్నాయి.

"మా ఇంటాయనకు యాపారం రాదప్పా" అంది ఆ మాటలు వింటూ. "పుస్తెలు అమ్మేకి ఎవురన్నా ఆడమనిషి వస్తే చాలు, లోపలికి లేచొచ్చేస్తాండె. నన్ను పంపిస్తాండె తూకానికి. లోపల కూర్చోని, ఆమె పాయనా, ఆమె పాయనా అని అడుగుతాండె." ఆయన బతికున్నప్పటి సంగతి ఆమె నోట వినడం నాకదే మొదలు. కాసేపు నవ్వింది. నవ్వితే నొప్పి వచ్చింది. సర్దుకున్నాక, వంటింట్లో కూతురు పనిలో ఉందని చూసుకుని, గొంతు తగ్గించింది.

"ఒక మాటప్పా. మంచం మార్పించమని అడిగింది నేను కాదు."

"మరెవరు?" అన్నాను.

"పాప. నేను మందులకు బయటికి పోయింటి. నాయనకు గాలి ఆడదని ఈ పిల్లే నర్సు ఎనకాల తిరిగి తిరిగి మార్పించింది. నేను వచ్చేసరికి కిటికీ పక్కనుండాడు."

"మరి నాతో నువ్వే మార్పించానని అన్నావు..."

"అందరితో అట్లే చెప్పినా. ఒకరితో ఒకటి, ఇంకొకరితో ఇంకొకటి చెప్తే యాడో ఒకచోట జారతాది." ఊపిరి తీసుకుంది. "మార్చినందుకే పాయనా అని ఆ పిల్ల ఒక్కసారి గూడ నన్ను అడగలేదు. అడగకుండా మోస్తాంది. ఎప్పుడో ఒక దినం నీ దగ్గరికి వస్తాది. వస్తే, ఆ పెద్ద పైపు పెట్టి చూపించు. గాలి సరిపోయిందని చెప్పు."

"అది అబద్ధం కదక్కా."

"అబద్ధమని ఎట్లంటావు? పెద్ద పైపే వేసిండారేమో. నీకు తెల్సా?"

తెలియదన్నాను. "మరింగేం" అని కళ్ళు మూసుకుంది.

కర్మ అయిపోయాక ఆ అమ్మాయి ఆఫీసుకొచ్చింది. వీరపునాయునిపల్లెలో టీచరుగా చేస్తోంది. తల్లి కళ్ళద్దాలు, టిఫిన్ డబ్బా, బల్ల సొరుగులో మిగిలినవి సంచిలో సర్దుకుని, పోకుండా నిలబడింది.

"మామా, నేనొస్తే గాలి సరిపోయిందని చెప్పమని అమ్మ మీకు చెప్పిపోయింటాది."

నేను వాళ్ళమ్మ కంప్యూటర్ ముందు కూర్చున్నాను.

"మీరేం చెప్పొద్దు. అమ్మ ఇంట్లో ల్యాప్‌టాప్ తెరిచినప్పుడు ఒకసారి ఆ వార్డు చూసినా. నేను చూసినట్టు అమ్మకు తెల్దు. ఇంకోసారి చూపియ్యండి, చాలు."

ఫైలు తెరిచాను. తలుపు దగ్గర నుంచి మెల్లగా లోపలికి తీసుకెళ్ళాను. ఫ్యాను కిందికొచ్చేసరికి ఆ అమ్మాయి చేయి నోటి మీద పెట్టుకుంది. కిటికీ దగ్గర ఆపమంది. చాలాసేపు చూసింది.

"ఈ కిటికీ ఇంగ కొంచెం కిందికుండె మామా. పండుకోనుంటే బయటికి కనపడుతాండె" అంది. "నాయన ఆడికి మారినంక, సాయంత్రం బయట ఇసుక కుప్ప మీద ఒక గాడిద ఎక్కి నిలబడింది. దిగమంటే దిగదు. దాన్ని తోలే ఆయప్ప కింద నిలబడి దానికి దండం పెడతాండాడు, దిగు తల్లీ అని. నాయన చూసి నవ్వినాడు. మాస్కు లోపల నవ్వితే మాస్కంతా తెల్లగా మబ్బు పట్టింది. నాకు మొగమే కనపల్లేదు. ఆ మబ్బు ఇడిసేదాకా చూసి, మళ్ళీ నవ్వినాడు."

ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకోలేదు. నీళ్ళు వాటంతట అవే కారి ఆగాయి.

"ఈ సంగతి మీ అమ్మకు చెప్పినావా?" అన్నాను.

"ల్యా మామా. చెప్తే కిటికీ మాట వస్తాది కదా. ఆమె ముందర ఆ మాట నేనెప్పుడూ ఎత్తలేదు. ఆమె గూడ ఎత్తలేదు."

బస్సుకు టైమైందని సంచి తీసుకుని మెట్లు దిగింది. పైనుంచి చూస్తూ ఉన్నాను. వీధి మలుపు తిరిగాక లోపలికొచ్చి, తెర మీద ఆ కిటికీని ఇంకొంచెం కిందికి దించి, ఫైలు సేవ్ చేశాను.